విశ్రాంతిలో తెగని బంధము



మన తాతల కాలమున స్త్రీ పని యనగా ఇల్లును పొలమునే. నేడట్లు కాదు. మన సంఘముల ఆడబిడ్డలు నర్సులుగాను, ఉపాధ్యాయినులుగాను, అంగన్‌వాడీ టీచర్లుగాను పని చేయుచున్నారు. బ్యాంకులలోను కంపెనీలలోను ఉద్యోగములు చేయువారును ఉన్నారు. వారిలో ఒకతె గర్భవతియైనదని విన్నప్పుడు మనమందరము సంతోషింతుము. తల్లి సారె సిద్ధపరచును, అత్తగారు పథ్యము చెప్పును, పాస్టరుగారు ప్రార్థన చేయుదురు. అయితే ఆమె మనస్సులో మెదలుచున్న ఒక ప్రశ్నను అడిగి తెలిసికొనువారు అరుదు. ఆ ప్రశ్న యిది: ‘నేను ఆరు మాసములు పనికి దూరముగా ఉండబోవుచున్నాను. అంతకాలము నేను పనిని మరచినయెడల పని నన్ను మరచునేమో! మరువక పట్టుకొనియున్నయెడల నా బిడ్డకు అన్యాయము చేయుదునేమో!’

దీనికి మన ఊళ్లలో రెండు జవాబులు వినబడుచుండును. ‘బిడ్డ పుట్టిన తరువాత ఉద్యోగము ఊసెందుకమ్మా?’ అని కొందరు. ‘చేతిలో సెల్‌ఫోను ఉన్నదిగదా, పడుకొనియే నాలుగు మాటలు చెప్పినయెడల అరిగిపోవుదువా?’ అని మరికొందరు. చెప్పుట సులభమే గాని, ఈ రెండు మాటలలో ఏదియు ఆమె భారమును మోయదు. మొదటిది ఆమె చదువును, సంవత్సరముల కష్టమును లెక్కలోనికి తీసికొనదు. రెండవది ఆమె దేహమును, బిడ్డ ఆకలిని లెక్కలోనికి తీసికొనదు. కాబట్టి కొంచెము నిదానముగా ఆలోచింతము.

ఇట్టి సంగతిని మాటలతోనే తర్కించుటకంటె ఒక స్థలమునకు పోయి చూచుట మేలు. హైదరాబాదు పాతబస్తీలోని చార్మినారును మీలో అనేకులు చూచియుందురు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా దానిని కట్టించెను. నాలుగు వందల యేండ్లకు పైగా దాని చుట్టు జనము క్రయవిక్రయములు చేయుచునే యున్నారు. మన పల్లెలనుండి పెండ్లి బట్టలకును గాజులకును అక్కడికి పోయినవారు కొల్లలుగా ఉన్నారు. ఈ కట్టడమును గూర్చి వ్రాయుట నా ఉద్దేశము కాదు. దానికి దగ్గరలోనే రెండు విధములైన స్త్రీలు కనబడుదురు. ఒకతెకు కాన్పు సెలవు కలదు, ఒకతెకు లేదు. ఇద్దరినీ ప్రక్కప్రక్కన నిలిపి చూచినయెడల మన ప్రశ్న తేటపడును.

చార్మినారునకు పడమట లాడ్ బజారు కలదు. చూడీ బజారని కూడ దానిని పిలుతురు. అచ్చటి లక్క గాజులు దేశమంతట ప్రసిద్ధి. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించెను. లక్కను బొగ్గుల కుంపటిమీద మెత్తబరచి, సాగదీసి, గాజుగా చుట్టి, రంగు పట్టించి, దానిమీద అద్దపు బిళ్లలను మెరుగు రాళ్లను ఒక్కొక్కటిగా అతికింతురు. లక్క వేడిగా నుండగానే అతికింపవలెను గనుక వేళ్లు కాలును. రాళ్లు మిక్కిలి చిన్నవి గనుక కన్నులు నొచ్చును. అంగడిలో దీపముల వెలుగున మెరయు ఆ గాజులలో అనేకము పాతబస్తీ సందులలోని చిన్న యిండ్లలో స్త్రీల చేతులమీదుగా వచ్చినవే. కూలి చేసిన గాజులను బట్టియే గాని గడచిన దినములను బట్టి కాదు.

అట్టి యింటిలోని ఒక తల్లిని ఊహించుకొనుడి. ఆమెకు యజమాని అనదగినవాడు లేడు. రాళ్లును లక్కయు తెచ్చియిచ్చి, గాజులు తీసికొనిపోవు సేటు మాత్రమే కలడు. హాజరుపట్టీలో ఆమె పేరు లేదు. పేరు లేదు గనుక సెలవును లేదు. ఆ పేటలోని ముస్లిము కుటుంబములలో కాన్పైన తల్లిని నలువది దినములు కదలనియ్యక చూచుకొను మంచి ఆచారము కలదు. దానిని చిల్లా అందురు. మన పల్లెలలో పురిటి స్నానములు, పథ్యములు, పుట్టింటి విశ్రాంతి ఉన్నట్లే అదియును. పెద్దలు ఆ ఆచారమును జ్ఞానముతోనే పెట్టిరి. కాని ఇంటిలో బియ్యము నిండుకొనినయెడల ఆచారము ఎన్ని దినములు నిలుచును? ఉయ్యాల ఒక ప్రక్క, కుంపటి ఒక ప్రక్క. పని ఆమెను విడిచిపోదు. ఆమె నడుము వాల్చిన చోటికే వచ్చి కూర్చుండును. పనితో సంబంధము తెగకుండ ఉండుటయే మేలైనయెడల ఈమెకంటె ధన్యురాలు లేదనవలెను. అట్లనగలమా?

ఇక రెండవ స్త్రీని చూడుడి. చార్మినారునకు కొద్ది దూరములో పేట్లబురుజునందు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి కలదు. రాత్రియు పగలును అక్కడ బిడ్డలు పుట్టుచునే యుందురు. అట్టి ఆసుపత్రిలో పని చేయు ఒక నర్సును ఊహించుకొనుడి. వేలమంది బిడ్డలను చేతులలోనికి తీసికొనిన ఆమెయే ఇప్పుడు తల్లియైనది. ఆమెకు సెలవు కలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2010లో తన ఉద్యోగినుల ప్రసూతి సెలవును 120 దినములనుండి 180 దినములకు పెంచెను. జీతము వచ్చును. ఉద్యోగము పోదు. గాజుల తల్లితో పోల్చినయెడల ఈమె భాగ్యవంతురాలే.

అయితే ఈమెకును ఒక చిక్కు కలదు. అది ఫోనులో వచ్చును. బిడ్డకు పాలిచ్చి, కన్ను మూసినదో లేదో, పిలుపు మ్రోగును. ‘అక్కా, ఆ బీరువా తాళపుచెవి ఎక్కడ పెట్టితివి?’ అది చిన్న ప్రశ్నయే. మరునాడు, ‘ఆ రిజిస్టరులో లెక్క కుదురుట లేదు, కొంచెము చూచి చెప్పుము.’ మూడవ వారములో, ‘ఒక్క పూట వచ్చి పోవుదువా? తనిఖీ కలదు.’ ఎవరును చెడ్డవారు కారు. ఆమెయందు ప్రేమ లేనివారును కారు. అయినను ఆమె విశ్రాంతి చినుకు చినుకుగా కారిపోవుచున్నది. మరొక చోట ఇందుకు వ్యతిరేకముగా జరుగును. ఆరు మాసములలో ఒక్కరును పలుకరింపరు. ఆమె తిరిగి పోవుసరికి ఆమె కూర్చుండు చోట మరొకరు ఉందురు. బదిలీల సంగతి ఆమెకు తెలియదు. శిక్షణకు పేర్లు వ్రాసినప్పుడు ఆమె పేరును ఎవరును తలంపలేదు. ‘నీవు సెలవులో ఉంటివిగదా!’ అందురు. ఆ మాటలో దూషణ లేదు గాని, వినువారికి ముల్లువలె గ్రుచ్చుకొనును.

చదువరీ, ఇప్పుడు చూడుము. గాజుల తల్లిని పని విడువలేదు. మొదటి నర్సును పని అప్పుడప్పుడు లాగుచున్నది. రెండవ నర్సును పని మరచిపోయెను. ముగ్గురి బాధయు ఒకటి కాదు గాని, మూలము ఒకటే. సంబంధము వేరు, కాడి వేరు. ఎద్దును కాడినుండి విప్పి నీడను కట్టివేసిన రైతు దానిని అమ్మివేసినాడనరు. అది అతని కొట్టములోనిదే, అతడు దాని మేత మరువడు. కాని మెడమీద కాడి లేదు. బాలింతరాలి విషయములో మనము తరచుగా ఈ రెంటిని కలిపివేయుదుము. కాడిని తీసివేసినప్పుడు సంబంధమును కూడ తెంచివేయుదుము. సంబంధము నిలుపవలెనని తలంచినప్పుడు కాడిని కూడ మెడమీదనే ఉంచుదుము.

ఈ భేదమును లోకము ఒక్క దినమున నేర్చుకొనలేదు. 1919లో వాషింగ్టనులో కూడిన అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి సమావేశము కాన్పైన స్త్రీచేత ఆరు వారములు పని చేయింపరాదని ఒడంబడిక చేసెను. మన దేశములో బొంబాయి శాసనమండలియందు 1928లో ఇట్టి బిల్లు వచ్చినప్పుడు డాక్టరు అంబేద్కరుగారు దానిని బలపరచి మాటలాడిరి. కాన్పునకు ముందును తరువాతను తల్లికి విశ్రాంతినిచ్చుట దేశమునకే మేలనియు, స్త్రీల శ్రమవలన లాభము పొందు యజమాని ఆ భారములో కొంత మోయుట న్యాయమనియు వారు వాదించిరి. 1929లో బొంబాయిలో ఆ చట్టము వచ్చెను. దేశమంతటికి 1961లో ప్రసూతి ప్రయోజన చట్టము చేయబడెను. 2017లో దానిని సవరించి, 12 వారముల సెలవును మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారములుగా పెంచిరి. ఆ నియమములన్నియు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేర్చబడి, ఆ స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చెను.

చట్టములు చదువుట మనకు విసుగైన పనియే. అయినను ఈ చట్టములోని నాలుగు మాటలను మన ఆడబిడ్డలందరును ఎరిగియుండుట మంచిది. మొదటిది: కాన్పైన తరువాత ఆరు వారములు ఆమెచేత పని చేయింపరాదు, ఆమెయును చేయరాదు. రెండవది: సెలవులో ఉన్నదను కారణముచేత ఆమెను పనినుండి తీసివేయరాదు, ఆమెకు నష్టము కలుగునట్లు ఉద్యోగపు షరతులు మార్చరాదు. మూడవది: సెలవు జీతము తీసికొనుచు మరియొక చోట పనికి కుదిరినయెడల ఆ దినముల జీతమును ఆమె పోగొట్టుకొనును, ఆ జీతము విశ్రాంతి కొరకు ఇయ్యబడినదే గనుక. నాలుగవది: ఇంటినుండి చేయదగిన పనియైనయెడల సెలవు ముగిసిన తరువాత ఇద్దరును ఒప్పుకొనిన షరతులమీద అట్లు చేయవచ్చును. సెలవు ముగిసిన తరువాత అను మాటను గమనించుడి. సెలవులోనే ఇంటిపని పేరిట ఆఫీసు పనిని ఉయ్యాల ప్రక్కకు చేర్చుట ఈ నియమముల ఉద్దేశము కాదు. ఆమె చోటు నిలువవలెను, ఆమె చేయి మాత్రము విశ్రమింపవలెను. చట్టము పొడి మాటలలో చెప్పినదంతయు ఇదియే.

బైబిలు గ్రంథములో హన్నా సంగతి మీరందరును ఎరిగినదే. ఆమె ప్రార్థనను గూర్చి మన గుడులలో ఎన్నో ప్రసంగములు విందుము గాని, ఆమె బాలింతగా నున్న దినములను గూర్చి వినుట తక్కువ. ఎల్కానా తన కుటుంబముతో యేటేట షిలోహునకు పోయి బలి అర్పించువాడు. సమూయేలు పుట్టిన తరువాత ఆ సమయము వచ్చినప్పుడు హన్నా వెళ్లలేదు. బిడ్డ పాలు విడుచువరకు తాను రాననియు, ఆ తరువాత తీసికొనివచ్చెదననియు పెనిమిటితో ముందుగనే చెప్పెను. ఆలోచించుడి, ఆమె మానినది వంటపని కాదు, దేవుని సన్నిధికి పోవు యాత్ర. అంత గొప్ప కార్యమే చంటిబిడ్డ కొరకు వేచియుండగలిగినప్పుడు, మన రిజిస్టరులును తనిఖీలును వేచియుండలేవా?

ఆ సంగతిలో మూడు విషయములు మనకు ఉపయోగపడును. హన్నా చెప్పకుండ మానలేదు. ఎంతకాలమో, తరువాత ఏమి చేయునో తేటగా చెప్పెను. ఎల్కానా ఆమెను బలవంతపెట్టలేదు. ఆమెకు మంచిదని తోచినట్లు చేయుమని ఒప్పుకొని, తాను పోవలసిన యాత్రకు తాను పోయెను. ఆమె లేనందున ఆరాధన ఆగలేదు. ఆమె చోటును మరియొకరికి ఈయలేదు. కడపట, చెప్పిన కాలము వచ్చినప్పుడు ఆమె మాట నిలుపుకొని అర్పణలతో బిడ్డను తీసికొని వచ్చెను. ఇంటియొద్ద ఉన్న కాలములో ఆమెకు షిలోహుతో సంబంధము తెగినదనగలమా? పాలిచ్చుచున్న ప్రతి దినమును ఆమె మనస్సు అక్కడనే ఉండెను. అయినను ఆమె దేహము ఇంటియొద్దనే ఉండెను. రెండును ఒకేసారి సాధ్యములే.

మోషే తల్లిని కూడ ఒక్క మాటతో తలంతము. ఫరో కుమార్తె ఆ బిడ్డకు పాలిచ్చి పెంచుమని, అందుకు జీతము ఇత్తునని చెప్పెను. ఆమె తన కన్నబిడ్డకే పాలిచ్చి జీతము తీసికొనెను. బాలింతరాలికి ఇచ్చు జీతము ధర్మముగా వేసిన పిడికెడు బియ్యమని తలంచువారు ఈ సంగతిని మనస్సున ఉంచుకొందురుగాక.

ఇక సెలవులోనికి పోబోవు సహోదరితో రెండు మాటలు. అమ్మా, పోకముందే నీ పనిని అప్పగించుము. తాళపుచెవులు ఎవరియొద్ద ఉన్నవి, ఏ లెక్క ఎక్కడ ఉన్నది, సగములో ఉన్న పని యేది, ఒక నోటుబుక్కులో వ్రాసి, నీ స్థానములో పని చేయువారి చేతికి ఇమ్ము. నిన్ను పిలుచు సగము ఫోనులు ఆ నోటుబుక్కువలననే ఆగిపోవును. పని చోటినుండి నీతో మాటలాడవలసినయెడల ఎవరు మాటలాడవలెనో ఒక్క మనిషిని ఏర్పరచుకొనుము. సెలవు ఉత్తరమును వ్రాతమూలముగా ఇచ్చి, అందినట్లు వ్రాత తీసికొనుము. తరువాత ఆరు వారములు నిశ్చింతగా ఉండుము. నీ దేహములోని గాయము మానుటకు వైద్యులు చెప్పు కాలము అదియే. బిడ్డకు ఆరు మాసములు తల్లిపాలు తప్ప నీళ్లయినను అవసరము లేదని వైద్యులు చెప్పుదురు. సెలవు ఆరు మాసములు ఉండుటలోని మేలు దీనినిబట్టి తెలియును.

అయితే కొందరు తల్లులకు పని జ్ఞాపకము భారము కాదు, ఊరట. ఈ సంగతిని మనము న్యాయముగా ఒప్పుకొనవలెను. రేయింబవళ్లు బిడ్డ ఏడ్పు, నాలుగు గోడలు, ఎవరు వచ్చినను బిడ్డను చూచి పోవుటయే గాని తల్లిని పలుకరింపకపోవుట. ఇట్టి స్థితిలో తోటి ఉపాధ్యాయిని వచ్చి, ‘మన బడిలో ఈ యేడు పిల్లలు బాగుగా ఉత్తీర్ణులైరి, నీవు చెప్పిన తరగతియే ముందున్నది’ అనినయెడల ఆమె ముఖము వికసించును. కాన్పు తరువాత కొందరికి గాఢమైన మనోవ్యాకులత కలుగునని వైద్యులు ఎరుగుదురు. రెండు వారములు దాటినను దుఃఖము తీరనియెడల ‘దిష్టి’ అనుచు కూర్చుండక వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. ఆలాటి తల్లికి స్నేహితుల మాట ఔషధముతో పాటు పని చేయును. గనుక ఆరు వారములైన తరువాత ఆమె తానే కోరినయెడల, తనకు వీలైన గడియలో, తోటివారితో మాటలాడుట, పని సంగతులు తెలిసికొనుట తప్పు కాదు. తలుపు గడియ ఆమె చేతిలో ఉండవలెను, అంతే.

అధికారులును తోటి పనివారును ఫోను చేతబట్టుకొనినప్పుడు ఒక ప్రశ్న వేసికొందురుగాక: ‘ఈ పిలుపు ఆమె కొరకా, నా కొరకా?’ బదిలీల జాబితా వచ్చినది, పరీక్షకు దరఖాస్తు చేయు గడువు సమీపించినది, జీతములో మార్పు వచ్చినది. ఇవి ఆమె కొరకైనవి, తెలుపకపోవుట అన్యాయము. బీరువా తాళపుచెవి నా కొరకైనది. పది నిమిషములు నేనే వెదకుకొనవలెను. ఆమె తిరిగి వచ్చు దినమున, ‘సెలవు బాగుగా అనుభవించితివా?’ అని ఎగతాళి చేయక, మారిన సంగతులను ఓపికతో చెప్పవలెను. బిడ్డకు 15 నెలలు నిండువరకు పాలిచ్చుటకు దినమునకు రెండు విరామములు ఆమెకు హక్కు. 50 మందికి తక్కువ కాకుండ పని చేయు సంస్థలలో బిడ్డలను చూచుకొను గది ఉండవలెను. దినమునకు నాలుగు మారులు తల్లి అక్కడికి పోవచ్చును. పాలు గడ్డకట్టి రొమ్ములు నొచ్చుచుండగా బల్లయొద్ద కూర్చుండియున్న తల్లిని చూచి, నియమము తెలియనట్లు ఊరకుండు అధికారి పాపములేనివాడని నేను చెప్పలేను.

‘ఆమె పోయినయెడల ఆమె పని ఎవరు చేయుదురు? మాకేమి ఆరు చేతులున్నవా?’ అని తోటివారు అడుగవచ్చును. ఆ మాటలో న్యాయము కలదు. ఇద్దరు పంతుళ్లున్న బడిలో ఒకతె సెలవు పెట్టినయెడల రెండవవారిమీద అయిదు తరగతులు పడును. కాని ఆ భారమును తెచ్చినది బాలింతరాలు కాదు. బదులు మనిషిని ఏర్పాటు చేయని పై అధికారము. మన కోపము సరియైన గుమ్మమునకు పోవలెను. ఊరి పెద్దలు కలిసి, ‘ఆరు మాసములకు మా బడికి ఒక టీచరును పంపుడి’ అని అర్జీ పెట్టినయెడల ఆ తల్లికిని, ఆ బడికిని మేలు చేసినవారగుదురు.

ఇప్పుడు సెలవే లేని తల్లియొద్దకు తిరిగి పోదము. నర్సుకును ఉపాధ్యాయినికిని చట్టము కలదు. పది మందికి తక్కువైన అంగళ్లలోను, ఇండ్లలో గాజులకు రాళ్లు అతుకు పనిలోను, పరుల పొలములో నాట్లు వేయుటలోను ఆ చట్టము చేయి సాధారణముగా అందదు. కొంత వెలుగు రాలేదని కాదు. ఢిల్లీ నగరపాలక సంస్థలో దినకూలికి పని చేయు స్త్రీలు తమకును ప్రసూతి సెలవు కావలెనని పోరాడగా, 2000వ సంవత్సరమున సుప్రీంకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పెను. కూలి చేయు తల్లియు తల్లియే యని దాని సారాంశము. 2017 జూనులో తెలంగాణ ప్రభుత్వము ప్రభుత్వాసుపత్రిలో కాన్పైన తల్లులకు, పోగొట్టుకొనిన కూలికి బదులుగా, మగబిడ్డయైన 12,000 రూపాయలును ఆడబిడ్డయైన 13,000 రూపాయలును విడతలుగా ఇచ్చు పథకమును ఆరంభించెను. ఆ ప్రారంభము పేట్లబురుజు ఆసుపత్రిలోనే జరిగెను. కూలి తల్లి పోగొట్టుకొను దినములకును వెల కలదని ప్రభుత్వము ఒప్పుకొనుట గొప్ప సంగతియే. అయినను సొమ్ము ఒక సంవత్సరము వచ్చెను, ఒక సంవత్సరము ఆలస్యమయ్యెను. చోటు నిలుపు పని మాత్రము ఎప్పుడును ఇరుగుపొరుగువారిదే.

పాతబస్తీని గూర్చి విని జాలిపడి ఊరకుండవద్దు. మన ఊరి సంగతి చూచుకొందము. మీ గ్రామములో నాట్ల ముఠా కలదు. మిర్చి కోతకు పోవు గుంపు కలదు. ఒకతె కాన్పునకు పోయినప్పుడు ఆమె చోటిని మరియొకరికి ఇచ్చివేసి, ఆమె వచ్చినప్పుడు ‘ఇప్పుడు మనుష్యులు నిండిరి’ అందురా? లేక, ‘ఆమె చోటు ఆమెదే, వచ్చువరకు ఈమె బదులుగా వచ్చును’ అని మేస్త్రితో చెప్పుదురా? మాట చెప్పుటకు ఖర్చు లేదు. ఆ తల్లికి అదియే ఉద్యోగ భద్రత. పొదుపు సంఘములో ఆమె రెండు నెలలు కంతు కట్టలేకపోయినయెడల అపరాధము వేయుదురా? లేక తొమ్మిది మంది తలకు కొంచెము వేసికొని ఆమె కంతు నిలుపుదురా? ముప్పది ఇండ్ల సంఘము ఒక్కొక్క ఇంటినుండి శేరు బియ్యము చేర్చినయెడల ఒక బాలింతరాలు నలువది దినములు ఎండలోనికి పోనక్కరలేదు. ఇది దానమని తలంపవద్దు. పేరు లేని హాజరుపట్టీలో ఆమె పేరు వ్రాయుటయే.

మన గుడిలోనే చూడుడి. ఆదివారపు బడిలో పదియేండ్లు పాఠములు చెప్పిన సహోదరి బిడ్డను కనినది. మూడవ ఆదివారమున ఎవరో కబురు పంపుదురు: ‘క్రిస్మసు దగ్గరకు వచ్చుచున్నది, పిల్లలకు పాటలు నేర్పువారు లేరు, బిడ్డనెత్తుకొని రా కూడదా?’ ఆమె కాదనలేదు. దేవుని పని కాదనుట పాపమని ఆమెకు భయము. లేక ఆమె తిరిగి వచ్చుసరికి ఆ తరగతి మరియొకరిదైయుండును; అడుగుటకు సిగ్గుపడి వెనుక వరుసలో కూర్చుండిపోవును. దేవుని పేరిట వేసినను కాడి కాడియే. దేవుని ఇంటిలో మరచినను మరపు మరపే. అట్లు చేయక, ‘అమ్మా, నీ తరగతి నీదే. పెద్దపిల్లలు కొన్ని నెలలు చెప్పుదురు. నీకు మనస్సైన దినమున రమ్ము’ అని స్త్రీల సమాజమువారు పోయి చెప్పి, పిల్లలు వ్రాసిన రెండు చీటీలు ఆమె చేతిలో పెట్టిరాకూడదా?

పురుషులతో ఒక్క మాట. ఎల్కానా యాత్రకు తాను పోయెను, హన్నాను ఉండనిచ్చెను. భార్య సెలవులో ఉన్నదిగదా అని ఇంటి పని యంతయు, చుట్టముల రాకపోకలన్నియు ఆమెమీద వేసినయెడల, ఆమె ఒక కాడి విడిచి రెండు కాళ్లు తీరకముందే మరియొక కాడి ఎత్తుకొనినట్లగును. సెలవు ఆమెకు ఇయ్యబడినది గాని ఇంటిల్లిపాదికి ఇయ్యబడలేదు. ఫోను మ్రోగినప్పుడు, ‘ఆమె పండుకొనియున్నది, అత్యవసరమైనయెడల నాతో చెప్పుడి’ అని మర్యాదగా జవాబిచ్చు భర్త పెద్ద సేవ చేసినవాడగును.

కాబట్టి చదువరీ, బిడ్డను ఒడిలో పెట్టుకొని ‘పని నన్ను మరచునేమో’ అని తలంచుచున్న సహోదరికి మన జవాబు మాటలలో ఉండిన చాలదు. ఆమె మరువబడకుండ చూచుట ఆమె పని కాదు, మన పని. ఆమె పని ఇప్పుడు ఒడిలోనే ఉన్నది. ఆ పనిలో తొందర లేదు, తనిఖీ లేదు, బదులు మనిషియు లేడు. ఈ వారములో మీ ఊరిలో బాలింతలైన తల్లులు ఎవరో తలంచుకొనుడి. ఉద్యోగము చేయు తల్లియైనయెడల ఆమె ఉత్తరము ఆఫీసుకు చేరెనా, ఆమె జీతము వచ్చుచున్నదా అని విచారించుడి. కూలికి పోవు తల్లియైనయెడల ముఠా మేస్త్రిని కలిసి ఆమె చోటును గూర్చి మాట తీసికొనుడి. రిక్తహస్తములతో ఆమె గడప తొక్కకుడి. బిడ్డను ఎత్తుకొని ముద్దాడి, ఆ తరువాత తల్లివైపు తిరిగి, ‘నీవెట్లున్నావమ్మా?’ అని అడిగి, జవాబు వచ్చువరకు కూర్చుండుడి.